నూట పదహారు గుర్రాల ఎర్ర బండి

శనివారం పొద్దున్న ఎనిమిదిన్నర. కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్ పట్టణం అంచున ఉన్న నైల్స్ పేట. ఎండ ఇంకా సందుల్లోకి దిగలేదు. కొండవాలు మీద పేట పేరు తెల్లటి పెద్ద అక్షరాల్లో కనిపిస్తోంది. కింద పాతసామాన్ల కొట్లు మూసే ఉన్నాయి. వందేళ్ల కిందట ఎస్సనే కంపెనీ ఇక్కడ మూకీ సినిమాలు తీసేది. చార్లీ చాప్లిన్ 1915లో ‘ది ట్రాంప్’ తీసింది ఈ చుట్టుపక్కలే. మీరొచ్చిన పని వేరు. రెండు సందులు దాటి, నిమ్మచెట్టున్న ఓ ఇంటి ముందు ఆగుతారు. వాకిట్లో ఎర్రటి మాజ్దా మియాటా. 1991 మోడల్. రెండే సీట్లు, గుడ్డ టాపు, ఐదు గేర్లు. ప్రకటనలో పెట్టిన ధర 7,500 డాలర్లు.

ఫోటోల్లో అనుకున్నదానికంటే చిన్న బండి. పొడవు నాలుగు మీటర్లు కూడా లేదు. మీరొచ్చిన వ్యాన్ పక్కన నిలబడితే దాని కిటికీల దాకా కూడా రావడం లేదు. ముందు దీపాలు బానెట్‌లోకి ముడుచుకుని ఉన్నాయి. ఎరుపు మాత్రం నిగనిగలాడుతోంది.

మీరు రంగు చూస్తున్నారు. మీతో వచ్చిన బావ చూడటంలేదు. ఆయన చిన్నప్పుడు బడి వదిలాక సాయంత్రాలన్నీ విజయవాడ ఆటోనగర్‌లో వాళ్ల నాన్నగారి లేత్ షాపులో గడిపిన మనిషి. ఇప్పుడు చిప్పుల కంపెనీలో ఉద్యోగం. అయినా సెకండ్ హ్యాండ్ బండి కనబడితే ఆయన చేతులు ఊరుకోవు.

“రంగు తర్వాత చూద్దువుగానిలే. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టు. మేమొచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని చెప్పాంగా, మాట నిలబెట్టుకున్నాడో లేదో చూద్దాం.”

అరచెయ్యి ఆనిస్తారు. చల్లగా ఉంది. రాత్రి పడ్డ మంచు తడి కూడా ఆరలేదు. బావ తల ఊపుతాడు. ముందే వేడెక్కించి పెట్టిన ఇంజిన్ సగం జబ్బులు దాచేస్తుంది. రాత్రంతా చల్లారిన ఇంజిన్ మొదటి నిమిషంలోనే అవన్నీ బయటపెడుతుంది.

ఇంటాయన కాఫీ కప్పుతో బయటికొస్తాడు. డెబ్బై దాటినట్టున్నాడు. మోకాళ్ల నొప్పులట. కిందికి దిగి కూర్చోవడం, మళ్లీ పైకి లేవడం కష్టంగా ఉందట. అమ్మడానికి కారణం అదేనంటాడు. నమ్మదగ్గ కారణమే. ఈ బండి సీటు నేలకి జానెడెత్తులో ఉన్నట్టుంటుంది. ఆరేళ్ల కిందట కొన్నాననీ, తాను నాలుగో ఓనర్ననీ, అప్పటికే ఈ ఎరుపు ఇలాగే ఉందనీ చెబుతాడు.

“అప్పటికే ఇలాగే ఉందా?” అని బావ మళ్లీ అడుగుతాడు. తర్వాత మీవైపు తిరిగి తెలుగులో, “ముప్ఫై ఏళ్లు ఎండలో ఉన్న ఎరుపు గులాబీ రంగులోకి దిగాలి. ఇది దిగలేదంటే ఎవరో మళ్లీ వేశారు. రంగు ఊరికే వెయ్యరు, గుర్తుపెట్టుకో” అంటాడు.

పెద్దాయన బానెట్ తెరుస్తాడు. లోపల వెండిరంగు మూతతో చిన్న ఇంజిన్. 1.6 లీటర్లు, 116 హార్స్ పవర్.

“నూట పదహారు గుర్రాలు! పెళ్లి చదివింపుల లెక్క,” అని బావ నవ్వుతాడు. ఈ రోజుల్లో మామూలు కుటుంబ కారుకే అంతకన్నా ఎక్కువ బలముంటుంది. కానీ ఆ గుర్రాలు ఇక్కడ లాగాల్సింది టన్ను బరువే. కీలకమంతా ఆ తేలికదనంలోనే ఉంది.

బావ టార్చి తీసి రేడియేటర్ వెనక్కి వంగుతాడు. ఆయన వెతుకుతున్నది క్రాంక్ షాఫ్ట్ ముందు కొసన ఉండే పుల్లీని. 1990లోనూ 1991 మొదట్లోనూ వచ్చిన బండ్లలో ఆ కొస పొట్టిగా ఉండేది. టైమింగ్ బెల్టు మార్చినప్పుడు బోల్టు సరిగా బిగించకపోతే పుల్లీ సందులో ఆడడం మొదలుపెట్టి, మెల్లగా క్రాంక్‌నే తినేసేది. ఆ తర్వాత మాజ్దా కొసని పెద్దది చేసింది. బయటినుంచి కనిపెట్టే గుర్తు ఒక్కటే. పుల్లీ మధ్యలో నాలుగు గాళ్లుంటే పాతది, ఎనిమిదుంటే కొత్తది.

“లెక్కపెట్టు.”

మీరూ వంగుతారు. దుమ్ము, పాత గ్రీజు, టార్చి వెలుగులో సన్నటి గాళ్లు. ఎనిమిది. గుండె కొంచెం తేలికపడుతుంది.

పెద్దాయన బిల్లుల ఫైలు తెచ్చిస్తాడు. మీటరు మీద 1,42,000 మైళ్లు. టైమింగ్ బెల్టూ వాటర్ పంపూ 1,18,000 దగ్గర మార్చినట్టు రసీదుంది. ఈ బెల్టు 60,000 మైళ్లకోసారి మార్చాలి, కాబట్టి ఇంకా వ్యవధి ఉంది. ఒకవేళ దారిలో తెగినా ఈ ఇంజిన్లో వాల్వులు పిస్టన్లకి తగలవు. బండి ఆగిపోతుందంతే, ఇంజిన్ నాశనం కాదు. బావ క్లచ్ ఆయిల్ డబ్బా మూత తీసి చూస్తాడు. ఆయిల్ నల్లగా ఉంది. “స్లేవ్ సిలిండర్ కారడం మొదలైనట్టుంది. పెద్ద ఖర్చు కాదు. ఈ బండ్లకి మామూలే.” టైర్ల పక్కన అచ్చేసిన చివరి నాలుగంకెలు చదువుతాడు. 2314. అంటే 2014లో ఇరవై మూడో వారం తయారైనవి. గాట్లు నిండుగా ఉన్నా రబ్బరు రాయిలా గట్టిపడింది. నాలుగూ మార్చాల్సిందే. మీరు ఫోన్లో అంకెలు ఒకదాని కింద ఒకటి వేసుకుంటారు.

“ఇప్పుడు స్టార్ట్ చెయ్యండి.”

పెద్దాయన తాళం తిప్పుతాడు. ఇంజిన్ వెంటనే అందుకుంటుంది, దాంతోపాటే టకటకమని చప్పుడు. మీరు కంగారుగా బావ వైపు చూస్తారు. బావ తొణకడు. వాల్వుల దగ్గరుండే హైడ్రాలిక్ లిఫ్టర్లలోకి ఆయిల్ ఎక్కేదాకా ఈ మోత ఉంటుంది. వేడెక్కితే పోవాలి. సైలెన్సర్ దగ్గర నిలబడి పొగ చూస్తాడు. కాసేపు తెల్లటి ఆవిరి, తర్వాత ఏమీ లేదు. నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతున్నట్టు. రాలేదు. రెండో నిమిషానికి టకటక సన్నగిల్లి, మూడో నిమిషానికి ఆగిపోతుంది.

డాష్‌బోర్డు మీద ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచి నిలబడింది. ఈ ముల్లుని నమ్మొచ్చు. 1995 నుంచి వచ్చిన బండ్లలో అది పేరుకే మీటరు. ప్రెషర్ ఉంటే మధ్యలో నిలబడుతుంది, లేకపోతే పడిపోతుంది, మధ్యస్థితి లేదు. ఇందులోది ఇంజిన్ వేగాన్ని బట్టి నిజంగా కదులుతుంది.

“ఇంజిన్ బాగుంది,” అంటారు మీరు, కొంచెం గర్వంగా, అదేదో మీరే చేసినట్టు.

“ఇంజిన్ సంగతి తర్వాత. మా నాన్న ఒకటే చెప్పేవాడు. బండి కొనేవాడు బాడీ కొనాలి. ఇంజిన్ ఎప్పుడైనా దించి ఎక్కించుకోవచ్చు.”

ఇక టాపు. మీ చెయ్యి అప్పుడే ముందు అద్దం పైనున్న గొళ్లేల మీదికెళ్లింది. పెద్దాయన ఆపుతాడు. ముందు వెనక కిటికీ జిప్పు తియ్యాలి. ఆ కిటికీ గాజు కాదు, ప్లాస్టిక్. జిప్పు తియ్యకుండా టాపు మడిస్తే ప్లాస్టిక్‌కి మడత పడి, ఆ గీత ఇక పోదు. జిప్పు చుట్టూ తిప్పి, కిటికీని పరుపులా కిందికి వాల్చి, గొళ్లేలు రెండూ విప్పి, టాపుని రెండు చేతులతో వెనక్కి తోస్తారు. మోటార్లు లేవు, బటన్లు లేవు. అరనిమిషంలో తల మీద ఆకాశం ఉంది. వీధిలో పిట్టల అరుపు ఒక్కసారిగా దగ్గరకొచ్చినట్టుంది.

ఇలాంటి బండి మళ్లీ వస్తుందని 1980ల మొదట్లో పెద్దగా ఎవరూ అనుకోలేదు. ఎంజీ, ట్రయంఫ్ లాంటి బ్రిటిష్ రోడ్‌స్టర్లు ఆయిల్ కారుతూ, దారిలో ఆగిపోతూ, చివరికి అమెరికా మార్కెట్ నుంచే మాయమయ్యాయి. బాబ్ హాల్ అనే అమెరికన్ ఆటో పత్రికా రచయితకి జపనీస్ బాగా వచ్చు. 1979లో హిరోషిమా వెళ్లినప్పుడు మాజ్దా ఇంజినీర్ కెనిచి యమమోటోతో, అలాంటి చవక రోడ్‌స్టర్ ఒకటి మీరు తయారుచెయ్యొచ్చు కదా అన్నాడు. తర్వాత హాల్ మాజ్దాలోనే చేరాడు. ఇంజిన్ ముందు, తోసే చక్రాలు వెనక అనే పాత పద్ధతి కోసం పట్టుబట్టింది మాజ్దా కాలిఫోర్నియా బృందం. హిరోషిమాలో తొషిహికో హిరాయ్ నాయకత్వంలో బండి తయారైంది. గుర్రమూ రౌతూ ఒక్కటైనట్టుండాలన్నది ఆయన పెట్టుకున్న లక్ష్యం. 1989 ఫిబ్రవరిలో షికాగో మోటార్ షోలో దింపారు. ధర 13,800 డాలర్లు. 2016కల్లా పది లక్షల బండ్లు తయారయ్యాయి. ప్రపంచంలో అంతగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు మరొకటి లేదు. ముప్ఫై ఏళ్లు దాటాక కూడా ఈ పెద్దాయన అప్పటి కొత్త ధరలో సగం పైన అడుగుతున్నాడంటే కారణం ఈ చరిత్రే.

బావకి చరిత్ర అక్కర్లేదు. ఆయన తాగేనీళ్ల సీసా మూత తీస్తున్నాడు.

“నీళ్లెందుకు?”

“వానొస్తే ఈ టాపు మీద పడ్డ నీళ్లు ఎటుపోతాయి?”

మీకు తెలీదు. ఆయన సీట్ల వెనక మూలకి వేలు పెట్టి చూపిస్తాడు. టాపు అంచు వెంబడి చిన్న కాలువలాంటిది ఉంది. అది నీళ్లని రెండు మూలలకీ చేరుస్తుంది. ఒక్కో మూలలో ఒక గొట్టం. అక్కణ్ణుంచి నీళ్లు బాడీ లోపలగా దిగి, వెనక చక్రాల ముందు నేలమీద పడాలి. ఆకులో దుమ్మో అడ్డుపడితే నీళ్లు కిందికి పోవు. పొంగి, తలుపు కింద పొడవునా ఉండే సిల్లు పెట్టెలోకి చేరతాయి. అక్కడే నిలవుండి ఇనుముని లోపలినుంచి తింటాయి. బయట పెయింటు మీద బుడిపె కనపడేసరికి లోపల ఏమీ మిగలదు.

“మామూలు కారైతే పైకప్పు కూడా బరువు మోస్తుంది. దీనికి కప్పు లేదుగా, మోసేవన్నీ కిందున్న సిల్లులే. అవి పోతే బండి నడుం విరిగినట్టే.”

ఎడమ మూలలో నీళ్లు పోస్తాడు. మీరు వంగి చూస్తారు. నాలుగు క్షణాల్లో చక్రం ముందు ధారగా పడతాయి. కుడి మూలలో పోస్తాడు. చూస్తారు. నేల పొడిగా ఉంది. ఇంకొంచెం పోస్తాడు. ఒక్క చుక్క రాలి, ఆగిపోతుంది.

బావ లేచి, ప్యాంటుకి చేతులు తుడుచుకుంటాడు. పెద్దాయన ముందు ఏమీ అనడు. ఫోన్లో బండి చరిత్ర రిపోర్టు తెరిచి మీ చేతికిస్తాడు. ఢీకొన్న దాఖలా లేదు, టైటిల్ శుభ్రంగా ఉంది. కానీ మొదటి పదకొండేళ్లూ రిజిస్ట్రేషన్ ఒహాయోలో. చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రం.

“ఆకులే అడ్డుపడి ఉండొచ్చుగా, బావా?”

“ఉండొచ్చు. ఓసారి నడిపొచ్చాక కింద పడుకుని చూస్తా. ఇంజిన్ వేడెక్కితే ఆయిల్ లీకులు కూడా కనిపిస్తాయి.” ఆయన జేబులోంచి కిరాణా రసీదు తీసి, వెనక్కి తిప్పి, పెన్నుతో సహా మీకిస్తాడు. “నడపకముందే అంకె రాయి.”

“ఏ అంకె?”

“ఎంతిస్తావో. సిల్లు బాగుంటే ఎంత, పోతే ఎంత. రెండు అంకెలు. నడిపొచ్చాక నీకు లెక్కలు రావు. నాకూ రావు, ఎవరికీ రావు. ఆ పనికోసమే ఈ బండి తయారుచేశారు.”

వ్యాన్ మీద కాగితం పెట్టి ఆలోచిస్తారు. టైర్లు, క్లచ్ పని, అంచుల దగ్గర చీలుతున్న టాపు, అన్నీ కలిపి రెండున్నర వేలు అనుకోవచ్చు. కొన్నాక మోటారు వాహనాల శాఖ డీఎంవీలో కట్టే పన్ను కొన్న ధరలో పది శాతం పైన. ప్రైవేటు మనిషి దగ్గర కొన్నా అది తప్పదు. పొగ పరీక్షలో పాసైనట్టు స్మాగ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సింది అమ్మేవాళ్లు. తొంభై రోజుల్లోపు తీసుకున్నది ఉండాలి. ఇంత పాత బండికి సైలెన్సర్‌లో గొట్టం పెట్టి మరీ పరీక్షిస్తారు. పెద్దాయన దగ్గర అది ఉంది. ‘సిల్లు బాగుంటే 5,500. లేకపోతే 3,000’ అని రాస్తారు.

బావ చదివి, 3,000ని 3,116 చేస్తాడు. “శుభమా అని కొంటున్నాం,” అంటాడు. కాగితం మడిచి తన జేబులో పెట్టుకుంటాడు.

బండిలో చోటు ఇద్దరికే. పెద్దాయన మీ వ్యాన్ తాళాలు తీసుకుని, “మీరిద్దరూ వెళ్లిరండి,” అంటాడు. బావ మోకాళ్లు గడ్డం దగ్గరికి ముడుచుకుని పక్క సీట్లో దిగుతాడు. మీరు స్టీరింగ్ వెనక కూర్చుని కాళ్లు చాపుతారు. సీటు మీ కొలతకి కుట్టినట్టుంది. గేరు రాడ్డు చేతికి సరిగ్గా అందేచోట ఉంది. మొదటి గేరు పడటానికి మణికట్టు తిప్పితే చాలు. బటన్ నొక్కితే ముందు దీపాలు రెండూ కళ్లు తెరిచినట్టు పైకి లేస్తాయి. పట్టపగలు వాటితో పని లేదు. అయినా నొక్కుతారు.

నైల్స్ దాటగానే కనుమ దారి. ఒకవైపు అలమీడా వాగు, ఇంకోవైపు కొండ. వాగు పక్కనే కొన్ని వారాంతాల్లో పాత రైలు నడిపే పట్టాలు. సునోల్ దాకా ఆరేడు మైళ్లు మలుపులే. వేగ పరిమితి 45. వ్యాన్లో ఇదే దారిలో ఎన్నోసార్లు వెళ్లారు. మలుపులు ఇన్నున్నాయని ఇవాళే తెలుస్తోంది. నేలకి ఇంత దగ్గరగా కూర్చుంటే నలభై కూడా వేగమే. రెండో గేరులో ఐదు వేల దాకా తిప్పి మూడో గేరులోకి తోస్తారు. రాడ్డు టిక్కుమని పడుతుంది. ఇంజినీర్లు సైలెన్సర్ చప్పుడు ఎలా ఉండాలో కూడా కూర్చుని దిద్దారట. ఇప్పుడు కొండకి తగిలి తిరిగొస్తున్నది ఆ చప్పుడే. చెట్లనీడలోకి వెళ్తే చెంపలకి చలి, బయటికొస్తే భుజాలకి ఎండ. తడి మట్టి వాసన, వాగు వాసన, ముందుపోతున్న లారీ డీజిల్ వాసన కూడా. మలుపులో స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలు ఏం చేస్తున్నాయో అరచేతులకి తెలుస్తోంది. వెనక చక్రాల సంగతి సీటు చెబుతోంది.

మీరు నవ్వుతున్నారు. ఎందుకో మీకు తెలీదు. బావ కూడా నవ్వుతున్నాడు. గాలికి ఆయన జుట్టు నిలబడిపోయింది.

“నడుస్తోంది కదా!” అని అరుస్తారు.

“ఇండియా తీసుకెళ్లిపోదామా?” అని ఆయన అరుస్తాడు. కుదరదు. పాత కారు మనదేశంలో దించాలంటే తయారై మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపుండాలి. ఇది రెండింట్లోనూ తప్పింది. అయినా ఒక్క క్షణం ఈ ఎర్ర బండిని కృష్ణ కరకట్ట మీద ఊహించుకుంటారు.

సునోల్ దగ్గర స్టాప్ గుర్తు. బ్రేకు వేస్తారు. బండి నిలబడుతుంది. గాలి ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దంలో మీ కుడిపక్క, బావ సీటు కింద ఎక్కడో, గళక్కుమని నీళ్లు కదిలిన చప్పుడు.

మీరు విన్నారు. ఆయన విన్నాడో లేదో ముఖం చూస్తే తెలియడంలేదు. రేడియో పెట్టాలనిపిస్తుంది. తిరుగు ప్రయాణంలో మలుపులు కొంచెం మెల్లగా తిప్పుతారు, చప్పుడు రాకుండా. ఇంకా కొననే లేదు, అప్పుడే దాని తప్పులు కప్పిపుచ్చుతున్నారు. ఎడమ మలుపులో మళ్లీ గళక్. మనసు లోపల లాయరు ఒకడు లేచి వాదిస్తున్నాడు. అవి ఇందాక బావ పోసిన నీళ్లే. గొట్టంలో పుల్ల పెట్టి తిప్పితే పోతాయి. ఏడున్నర వేలు అడుగుతున్నాడు కాబట్టి ఆరున్నరకి రావచ్చు. టైర్లు ఇంకో ఏడాది నడుస్తాయి. కాగితం మీద రాసిన అంకె మరీ పిసినారితనంగా ఉంది. ఇవన్నీ నైల్స్ చేరేలోపు మీరు ఒక్కరూ గెలిచేసిన వాదనలు.

“పాపని ఎక్కించుకుంటావా ఇందులో?” బావ ప్రశ్న ఎక్కణ్ణుంచో వచ్చి తగులుతుంది.

పాపకి ఐదేళ్లు. కాలిఫోర్నియాలో ఎనిమిదేళ్లలోపు పిల్లల్ని వెనక సీట్లోనే కూర్చోబెట్టాలి. వెనక సీటే లేని బండికి మినహాయింపు ఉంది. పిల్లల సీటు బిగించి ముందు కూర్చోబెట్టొచ్చు. చట్టం ఒప్పుకుంటుంది. కానీ 1991 బండిలో ఎయిర్ బ్యాగ్ డ్రైవర్‌కే ఉంది. బోల్తాపడితే తల కాపాడే కమ్మీ లేదు. ముందు అద్దం చట్రాన్ని నమ్ముకోలేం.

“ఎక్కించను,” అంటారు. ఆ మాట వెంటనే వచ్చింది. దాంతో ఇంకో సంగతి కూడా తేలిపోయింది. ఈ బండి ఆదివారం పొద్దుటి కోసమే. ఇంట్లోవాళ్లు లేచేలోపు వెళ్లి రావడానికి.

వాకిట్లో ఇంజిన్ ఆపుతారు. బావ వ్యాన్లోంచి ర్యాంపులు దింపుతాడు. వెనక చక్రాలు వాటి మీదికెక్కించి, అట్టముక్క పరుచుకుని కిందికి దూరతాడు. మీరు పక్కన కూర్చుని ఆయన చేతికి సామాన్లు అందిస్తారు. క్యామ్ సెన్సర్ దగ్గర కొంచెం ఆయిల్ చెమ్మ. పైసల పని. గేరుబాక్సు పొడిగా ఉంది. వెనక డిఫరెన్షియల్ నీట్‌గా ఉంది. తర్వాత ఎడమ సిల్లు. వేలితో కొట్టుకుంటూ వెళ్తాడు. టంగ్, టంగ్, టంగ్. ఇనుము. కుడివైపుకి జరుగుతాడు. టంగ్, టంగ్. వెనక చక్రానికి జానెడు ముందు టప్, టప్.

“అయస్కాంతం.”

గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం అందిస్తారు. ముందువైపు సిల్లుకి అతుక్కుంటుంది. వెనక్కి జరుపుతాడు, అతుక్కునే ఉంది. ఇంకొంచెం జరుపుతాడు. జారి అట్ట మీద పడుతుంది. మళ్లీ పెడతాడు. మళ్లీ పడుతుంది. అక్కడ ఉన్నది ఇనుము కాదు, పుట్టీ. దాని మీద నిగనిగలాడే ఎరుపు.

పెద్దాయన మోకాళ్ల నొప్పి మర్చిపోయి వంగుతాడు. అయస్కాంతం తీసుకుని తనే పెట్టి చూస్తాడు. అది ఆయన చేతిలోంచి కూడా జారుతుంది. ముఖం చూస్తే ఇది ఆయనకి తెలియదనే అర్థమవుతుంది. ఎవరో ఆయనకి అంటగట్టారు. ఎవరికో ఎవరో అంటగట్టారు. ఒహాయో నుంచి ఇక్కడిదాకా ఓనర్లు మారినప్పుడల్లా ఆ తుప్పు మీద ఇంకో పొర పడింది.

“బాగుచెయ్యాలంటే ఎంతవుతుంది?” అని ఆయన అడుగుతాడు.

“కుళ్లిన రేకు కోసేసి కొత్తది వెల్డింగ్ చెయ్యాలి. లోపల ఎంతదాకా పోయిందో కోస్తేగానీ తెలీదు. మూడు వేలనుకోండి, పైకే పోతుంది గానీ దిగదు.”

బావ కాగితం తీసి మీకిస్తాడు. మీరు మడత విప్పుతారు. కనుమ దారిలో గెలిచిన వాదనలన్నీ నోటిదాకా వచ్చి ఉన్నాయి. కానీ అంకె మీ చేతిరాతలోనే ఉంది. దాన్ని రాసినప్పుడు మీకు మతి ఉంది.

“సార్, మేం అనుకున్నది మూడు వేల నూట పదహారు.”

“పదహారా?” అని ఆయన నవ్వుతాడు. అదేం లెక్కో అర్థంకాక కాదు, ధర విన్న షాక్‌లో. అయిదు వేలకి తక్కువ ఇవ్వలేనంటాడు. మీరు మాట్లాడరు. కాసేపు కప్పులో చల్లారిన కాఫీ తిప్పుతూ నిలబడి, “సరే, నాలుగు వేలు. ఇదే చివరి మాట,” అంటాడు.

ఇక్కడ నిర్ణయం నిజంగా మొదలవుతుంది. ఏడున్నర వేలకైతే కాదనడం తేలిక. నాలుగు వేలకి బండి చెడ్డ బేరం కాదు. ఇంజిన్ గట్టిది. గేరుబాక్సు బాగుంది. సొంతంగా వెల్డింగ్ మిషనూ, గ్యారేజీ, నాలుగు వారాంతాలూ ఉన్నవాడికి ఇది దొరికిన సొమ్ము. మీకేమున్నాయో లెక్కేసుకుంటారు. అపార్ట్‌మెంట్‌లో ఉంటారు. రెండో బండి వీధిలో పెట్టాలి. వీధిలో చెట్లున్నాయి, చెట్లకి ఆకులున్నాయి. వానాకాలంలో ఆ రెండు గొట్టాలూ వారానికోసారి మీరే చూసుకోవాలి. వెల్డింగ్‌కి షాపు వాళ్లకిస్తే బండి ధరకి సమానమైన బిల్లు వస్తుంది. అది పూర్తయ్యేసరికి, తుప్పే లేని బండి కొనడానికి పట్టే డబ్బు ఖర్చయి ఉంటుంది, చేతిలో మాత్రం అతుకేసిన బండి ఉంటుంది.

బావ ఏమీ అనడంలేదు. ఆయన పని అయిపోయింది. బండి ఎలా ఉందో ఆయన చెప్పగలడు. అది ఎవరికి తగునో మీరు చెప్పాలి.

“బండి కొనదగ్గదే సార్. కానీ వెల్డింగ్ వచ్చినవాళ్లు కొనాలి. మేం కాదు.”

ఆయన తల ఊపుతాడు. చెయ్యి కలుపుతాడు. బావ ఆయనకి ఒక పని నేర్పించి మరీ కదులుతాడు. గట్టి ప్లాస్టిక్ తీగ ఒకటి తీసుకుని, కుడి మూల గొట్టంలో పైనుంచి మెల్లగా తోసి తిప్పుతాడు. కింద నల్లటి బురద, కుళ్లిన ఆకులు, వెనకే అరలీటరు తుప్పునీళ్లు. “ప్రకటనలో సిల్లు సంగతి రాయండి. నాలుగుకి తప్పకుండా పోతుంది,” అంటాడు. పెద్దాయన అప్పుడే ఫోన్ తీసి ప్రకటన దిద్దుతున్నాడు. ధర కొట్టేసి, కింద ఒక వాక్యం చేరుస్తున్నాడు.

వ్యాన్లో కూర్చుంటారు. ఇది ఇప్పుడు బస్సులా ఉంది. మిషన్ బులవార్డ్ మీద ఎర్ర దీపం దగ్గర మీరు మళ్లీ ప్రకటనల్లోకి దూరతారు. ఇందాకటిదాకా నిగనిగలాడే ఫోటోలు చూసి వేలు ఆపేవారు. ఇప్పుడు అవి గబగబా దాటేస్తున్నారు. ఒకచోట వేలు ఆగుతుంది. మోడెస్టో. 1992. రెండు లక్షల మైళ్లకి దగ్గర. డాష్‌బోర్డు బీటలు వారింది. వెనక ప్లాస్టిక్ కిటికీ పసుపెక్కి ఏమీ కనబడదు. సీటు చిరిగింది. ఎరుపు గులాబీ రంగులోకి దిగిపోయింది. 1996 నుంచీ ఒకే మనిషి దగ్గర, ఒకే ఊళ్లో ఉంది. అడుగుతున్నది 4,200.

ఫోటో బావకి చూపిస్తారు. ఆయన ఒక కన్ను రోడ్డు మీద ఉంచి, రెండో కంటితో చూస్తాడు.

“అబ్బ, ఎంత అసహ్యంగా ఉందో,” అంటాడు, ఆశగా. “రేపు ఎన్నింటికి రమ్మంటాడో అడుగు.”